పాస్‌వర్డ్ సైదులు దగ్గర కూడా ఉందన్నాను

సైదులు అనే పేరు ఎక్కడ వినపడినా నేను అతనికి చేసిన అన్యాయమే గుర్తొస్తుంది. ఇన్నేళ్లూ అది ఇంట్లో కూడా చెప్పలేదు. నువ్వెవరో నాకు తెలియదు కనుక నీకు చెప్పగలుగుతున్నాను.

వెబ్‌సైట్లు బాగుచేయడం నా పని. చిక్కడపల్లిలో అన్నపూర్ణగారని రిటైరైన చరిత్ర లెక్చరర్ ఉన్నారు. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి సర్కారు కొలువులకు చదివేవాళ్ల కోసం ఆవిడ ఒక సైటు నడిపేవారు. వాళ్లు ప్రశ్నలు అడిగేవారు, ఆవిడ ఓపిగ్గా జవాబులు చెప్పేవారు. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన సైదులు, తానూ ఆ పరీక్షలకే చదువుతూ, ఆ జవాబులు టైపు చేసి సైటులో పెట్టేవాడు. ఆవిడ అతన్ని ఇంట్లో మనిషిలా చూసేవారు.

ఆ సైటు, ఎవరైనా ఉచితంగా తీసుకుని తమకు కావలసినట్టు మార్చుకోగలిగే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద కట్టింది. కొన్నేళ్ల కిందట అది పాతబడిందని, కొత్త వెర్షన్‌కు మార్చమని ఆవిడ నన్ను పిలిచారు. అలాంటి పనికి ముందు ఉన్నదంతా కాపీ తీసి పక్కన పెట్టుకోవాలి. ఈ పని నేర్చుకునేవాళ్లకు మొట్టమొదట చెప్పేది అదే. నేను తీయలేదు. ఎందుకు? బద్ధకమా, నాకేమవుతుందిలే అన్న పొగరా? ఇప్పటికీ తేల్చుకోలేను. కొత్త వెర్షన్ ఎక్కించాక ప్రశ్నల పేజీ సరిగ్గా రాలేదు. దాన్ని సర్దబోయి జవాబులన్నీ చెరిపేశాను. ఆవిడ ఏళ్ల తరబడి చెప్పి రాయించినవి. ఎంత ప్రయత్నించినా తిరిగి రాలేదు.

మర్నాడు ఆవిడ నన్ను ఎదురుగా కూర్చోబెట్టి అడిగారు.

“ఏమైంది బాబూ? అన్నీ ఎలా పోయాయి?”

“ఏం చెప్పాలె మేడం. పాస్‌వర్డ్ సైదులు దగ్గర గూడ ఉంది గదా.”

అంతే. అతను చేశాడని అనలేదు. నేనన్నది నిజమే కూడా. అబద్ధమాడకుండానే ఒక మనిషి మీద నింద వేయవచ్చని ఆ క్షణంలో నాకు తెలియదా? తెలుసు. తెలిసే అన్నాను.

కొద్దిరోజులకు సైదులు నన్ను నారాయణగూడ మార్కెట్లో ఆపాడు. “అన్నా, నేనేం ముట్టలే. మేడం ఇంటికి రావద్దన్నది. నువ్వన్నా జర చెప్పరాదే” అన్నాడు. చెబుతానన్నాను. చెప్పలేదు. ఆ తర్వాత అతను హాస్టల్ ఖాళీ చేసి వెళ్లిపోయాడని విన్నాను. విని, సిగ్గు లేకుండా ఊపిరి పీల్చుకున్నాను.

మొన్న అన్నపూర్ణగారు మళ్లీ పిలిచారు, సైటును ఇంకో కొత్త వెర్షన్‌కు మార్చాలని. చూపు మందగించినా, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ తనే టైపు చేసుకుంటున్నారు. ఎవరినైనా సాయం పెట్టుకోకూడదా అన్నాను.

“వద్దు బాబూ. ఒకసారి నమ్మి చూశానుగా.”

ఇక ఆగలేకపోయాను. అంతా చెప్పేశాను.

ఆవిడ కీబోర్డు పక్కకు జరిపారు. “ఆ అబ్బాయి గుమ్మంలో నిలబడి ఒట్టేశాడు. నేను మొహం మీదే తలుపేశాను” అన్నారు. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఫోన్ తీసి సైదులు పాత నంబరుకు చేశారు. ఎవరో వేరే మనిషి ఎత్తాడు. ఫోన్ పెట్టేసి, “ఇక వెళ్లు” అన్నారు.

క్షమించమని నేను అడగలేదు. అడగవలసింది సైదులును. అతను ఎక్కడున్నాడో మా ఇద్దరికీ తెలియదు. ఆవిడతో అన్న మాటే ఇక్కడా రాస్తున్నాను. ఆ జవాబులు చెరిపింది నేను. సైదులు ముట్టలేదు. రాశాక గుండె కొంచెం తేలికపడింది. అంతకు మించి ఆశించే హక్కు నాకు లేదు.