వెలుతురు పట్టుకున్న వెన్న

ఆ రోజుల్లో, అంటే మద్రాసును చెన్నై అనడం మా నోళ్లకింకా అలవాటు కాని రోజుల్లో, నేను చెప్పదలచుకున్న మాటలన్నీ డైరీలోకి పోయేవే తప్ప నోట్లోంచి వచ్చేవి కావు. ఇంట్లో నా పేరు మూగమ్మ. అలాంటి నేను పరిశోధనకు ఒక లేజర్ ప్రయోగశాలను ఎంచుకున్నానంటే, అక్కడ ఎవరితోనూ పెద్దగా మాట్లాడక్కరలేదన్నదే అసలు కారణం. పనేమిటంటే, సన్నని ఎర్రటి కాంతిని మైక్రోస్కోపు గుండా నీటిబొట్టులో ఒక్కచోటికి కుదించడం. కంటికి కనపడనంత చిన్న ప్లాస్టిక్ పూస దగ్గరికొస్తే అక్కడ చిక్కుకుంటుంది, కాంతి ఎటు జరిగితే అటు వస్తుంది. అదంతా పక్కనున్న టీవీలో కనిపిస్తుంది. (నీళ్లు ఆరిపోకుండా గాజుపలక అంచులకు గోళ్లరంగు పూసేవాళ్లం. నా సంచిలో ఆ సీసా చూసినప్పటి నుంచి మా అమ్మ నా గోళ్లమీద ఓ కన్నేసి ఉంచింది.)

ఒకనాడు మా పెద్దనాయన, నేను మరిచిపోయిన అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చి, తలుపుమీద 'లేజర్ రేడియేషన్ - అపాయం' అన్న బోర్డు చదివాడు. పురసవాక్కంలోని మా బట్టల అంగడికైనా పోకుండా నేరుగా ఇంటికెళ్లి అవ్వకు చెప్పాడు. సాయంత్రానికల్లా తీర్పు సిద్ధం.

"సోమవారం నుంచి ఆడికి పోబాక మే," అంది అవ్వ. "ఎక్స్‌రే తీసేటప్పుడు తీసేవాళ్లే బయటికి పోతారే, నువ్వు దినామూ ఆడనే కూర్చోనుండావా!"

"ఇది ఎక్స్‌రే కాదవ్వా. వట్టి వెలుతురు."

"వెలుతురుకు ఎవడన్నా అపాయమని బోర్డు పెడతాడా?"

కంట్లో పడితే ప్రమాదం కనుక అలా రాశారని, మేం కళ్లద్దాలు పెట్టుకుంటామని చెప్పాలి. అవన్నీ డైరీలోకి పోయే మాటలే. చదువు అక్కడితో ఆగిపోతుందన్న భయమే చివరికి నాచేత మాట్లాడించింది. "ఒక్కసారి వచ్చి చూడవ్వా. చూసినాక వద్దంటే పోను." అంత పొడుగు మాట నా నోటివెంట విని అవ్వ కాదనలేకపోయింది.

శనివారం పట్టుచీర కట్టుకుని, ఫ్లాస్కు నిండా మాధవరం డెయిరీ పాలు పోయించుకుని (బయటి కాఫీ ముట్టదు, పాలూ డికాషనూ వేరువేరుగా వెంట రావలసిందే) పెద్దనాయనతో వచ్చింది. నా ఖర్మకొద్దీ పూసలన్నీ ఆరోజే ద్రాక్షగుత్తుల్లా ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కొత్త పూసల సీసా విదేశం నుంచి రావాలి. తెరమీద విడిగా కనిపించిన ఒకే ఒక్క గుండ్రటిదానిమీదికి కాంతిని తీసుకెళ్తే అది దూరంగా జరిగింది. మళ్లీ వెళ్తే మళ్లీ జరిగింది. అది గాలిబుడగ. కాంతి పూసను లాక్కుంటుంది గాని బుడగను తోసేస్తుంది.

"చూసినావా, అదే పారిపోతా ఉండాది!" అంది అవ్వ. "గాలిబుడగకుండే బుద్ధి నీకు లేకపోయెనే!"

కళ్లలో నీళ్లు తిరిగాయి. తలదించుకుంటే ఎదురుగా ఫ్లాస్కు. పాలంటే నీళ్లలో తేలే వెన్నబొట్లే కదా, పూసల్లాగే అవీ కాంతికి చిక్కాలి!

"అవ్వా, ఒక చుక్క పాలియ్యి."

"అయ్యయ్యో, కళ్లు తిరగతా ఉండాయా? నేను చెప్పలా! చుక్కేంది, లోటా నిండా తాగు!"

"తాగడానికి కాదవ్వా, దీనికి," అని మైక్రోస్కోపు చూపించాను. ఆ చుక్కను బోలెడు నీళ్లలో కలిపి, గాజుపలక సిద్ధం చేశాను. తెరనిండా గుండ్రటి బొట్లు కుదురులేకుండా కదులుతున్నాయి. ఒకటి కాంతి దగ్గరికొచ్చి, చటుక్కున అందులో దూకి, బుద్ధిగా కూర్చుంది. పక్కకు జరిపాను. వెంట వచ్చింది.

"అదేంది మే?"

"పాలల్లో ఉండే వెన్న."

అవ్వ లేచి, టీవీకి ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడింది. "ఆ వెలుతురు ఇంకా దానిమీదనే ఉండాదా?"

"ఉంది."

"కరగలేదే!"

"కరగదవ్వా."

అవ్వ పెద్దనాయన వైపు తిరిగింది. "రేయ్ పెద్దోడా, వెన్నే కరగలేదు, పిల్లకేమవుతాదిరా? బోర్డు చదివేసి ఇల్లంతా హడలగొడితివే! నువ్వు పో మే, దినామూ పో. పాలు చాలకపోతే చెప్పు."

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. అవ్వ పోసిచ్చిన లోటాడు పాలూ గటగటా తాగేశాను.

మాట్లాడక్కరలేని చోటు వెతుక్కున్న ఆ పిల్ల ఇప్పుడు గంటలకొద్దీ పాఠాలు చెబుతోంది. కొత్తగా చేరిన ఆడపిల్లలు తలుపుమీది బోర్డు చూసి జంకుతూ నిలబడితే, కళ్లద్దాలు చేతికిచ్చి జాగ్రత్తలన్నీ వరసగా చెబుతాను. ఆ తర్వాత మాత్రం పూసల సీసా పక్కకు పెట్టి, పాలచుక్క కోసం నా ఫ్లాస్కు మూత తీస్తాను.