రబ్బరు బంతి, ముద్దబంతి

మొన్న బొల్లారంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాలయ్యాక బయటికి వస్తుంటే తాంబూలం సంచీలో జాకెట్టు ముక్కకు బదులు ఒక చిన్న మొక్క పెట్టి ఇచ్చారు. కొబ్బరి పీచు గిన్నెలో నాలుగాకుల బంతి నారు. ఇప్పుడిదొక ఫ్యాషనట. బస్టాపులో నా పక్కన నిలబడ్డ ఒకావిడ, "దీన్ని ఏం జేసుకోవాలె? జాకెట్టు ముక్కయితే ఇంకో పెండ్లిల ఇంకొకరికి పెట్టేదాన్ని" అని వాపోయింది. ఆవిడ మొక్క కూడా నేనే తెచ్చుకున్నాను. సాయంత్రం ఎండ తగ్గాక బాల్కనీలో కుండీ ముందు కూర్చుని, చూపుడు వేలితో మట్టిలో గుంత చేసి, నారు దించి రెండు పక్కలా అదుముతుంటే, పక్కింటి అమ్మాయి చూసి "ఆంటీ, మీకు గార్డెనింగ్ బాగా తెలుసా?" అంది. నాకు తెలిసిందంతా మా అత్తమ్మ దగ్గర నేర్చుకున్నదే, ఆమెకు మాత్రం ఏమీ తెలియదు అన్నాను. ఆ పిల్ల హాస్యమనుకుని నవ్వింది. కానీ నేనన్నది అక్షరాలా నిజం.

అప్పుడు మేము బోయిగూడలో ఉండేవాళ్ళం. సన్నటి గల్లీ, ఒకదాని వెనక ఒకటిగా మూడు గదులు, మీద దాబా. స్టేషన్ దగ్గర కాబట్టి రైలు కూత వినపడగానే మాట ఆపి, అది పోయాక ఆపిన చోటు నుంచే అందుకోవడం మా అందరికీ అలవాటు. నేను ఇంట్లోనే కూర్చుని చీరలకు ఫాల్స్ కుట్టేదాన్ని. ఆ ఇంట్లో తులసి తప్ప మరో పచ్చని ఆకు ఉండేది కాదు. పెళ్ళైన కొత్తలో నేనొక గులాబీ కొమ్మ తెస్తే అత్తమ్మ గుమ్మంలోనే ఆపింది. "మట్టి ఇంట్లకెందుకు? చెప్పులతోటి వచ్చేది సాలదా?" అంది. ఆమె చేతికి తెలిసింది బియ్యప్పిండి. పద్మారావు నగర్ దాకా ఏ ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి కుదిరినా, సారెలోకి సకినాలు చుట్టడానికి మా అత్తమ్మకు పిలుపు వచ్చేది. తడి పిండిని కుడి చేతి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య మెలి తిప్పుతూ తెల్లటి బట్ట మీద చుట్టు వెనక చుట్టు వేస్తుంటే, మిగతా ఆడవాళ్ళు తమ చేతిలో పిండి మరిచిపోయి చూసేవాళ్ళు. ఎవరి సకినం వంకర పోయినా ఆమె కంట పడేది. "ఇది సకినమా, వాన పామా?" అని అందరి ముందూ అడిగేది. నా సకినాలు చాలాకాలం వాన పాములే.

ఒక ఎండాకాలం పొద్దున ఆమె చేతిలోంచి చాయ్ కప్పు జారింది. "కప్పు జిడ్డున్నది, సక్కగ తోమరాదా" అని నన్ను తిట్టబోయింది. మాట ముద్దగా వచ్చింది. మా ఆయన వెంటనే ఆటో పిలిచాడు. పక్షవాతం అన్నారు. సమయానికి తెచ్చారు కాబట్టి బతికిందన్నారు. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మూతి సర్దుకుంది, కాలు కొంచెం ఈడుస్తూ నడక వచ్చింది, తిట్లు కూడా స్పష్టంగానే వచ్చాయి. చెయ్యి మాత్రం రాలేదు. కుడి చేతి వేళ్ళన్నీ లోపలికి ముడుచుకుపోయి, చూపుడు వేలొక్కటే ఎవరిదో తప్పు చూపిస్తున్నట్టు నిటారుగా నిలబడింది. ఆ చేతిని ఆమె కొంగు కింద దాచుకుంది. నలుగురిలో అన్నం తినడం మానేసింది. సకినాలకు పిలవడానికి ఎవరైనా వస్తే పడుకుందని చెప్పమనేది. నేను వాకిట్లో ఆ అబద్ధం చెబుతుంటే లోపల మంచం కిర్రుమనేది. వచ్చినవాళ్ళకు వినపడేది, నాకూ వినపడేది.

చేతికి వ్యాయామం చేయించడానికి ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. రాజమండ్రి వైపు పిల్ల. బాల్ అనకుండా చక్కగా బంతి అనేది. ఒక ఎర్ర రబ్బరు బంతి ఇచ్చి, "అమ్మా, రోజూ పొద్దున్నా సాయంత్రం ఈ బంతిని పట్టుకుని నొక్కాలి" అని చెప్పి వెళ్ళింది. ఆ పిల్ల గల్లీ మలుపు తిరిగిందో లేదో అత్తమ్మ ఆ బంతిని ఎడం చేత్తో కిటికీలోంచి గల్లీలోకి విసిరింది. "ముసల్దాన్ని బంతాట ఆడుమంటదా?" అంది. ఆ ఎండాకాలమంతా గల్లీ క్రికెట్ ఆ బంతితోనే నడిచింది.

బోనాలు వెళ్ళాక, వానలు పట్టిన రోజుల్లో, ఎదురింటి ఖాలా, గల్లీలో అందరికీ ఉర్దూ పిన్ని, ఒక తడి పేపరు పొట్లం పట్టుకుని వచ్చింది. ఖాలావాళ్ళది గాజుల వ్యాపారం. పుట్టిల్లు నల్లగొండ వైపు కావడంతో ఆమె తెలుగు మా తెలుగే, మధ్యమధ్య ఉర్దూ తాలింపు ఉండేది. కూతురింటి పెరట్లో ఎండిన బంతిపూలు నలిపి చల్లితే గుంపుగా మొలిచాయట. ఆ నారు పీక్కొచ్చింది. పరామర్శలూ నిట్టూర్పులూ ఏమీ లేకుండా పొట్లం అత్తమ్మ ఒళ్ళో పెట్టింది.

"అక్కా, మా ఇంట్ల ఎండ రాదు. నా మోకాళ్ళు పరేషాన్ చేస్తున్నయ్, మెట్లెక్కలేను. జెర మీ దాబా మీద పెట్టు. పూలొచ్చినంక సగం నీకు, సగం నాకు. దర్గాకు తీస్కపోత."

"నాకు మొక్కల సంగతేం ఎరుక, చెల్లె?" అంది అత్తమ్మ.

"నాకు సుత ఎరుక లేదు. ఇద్దరం కలిసి చంపుదాం తీయ్."

ఆసుపత్రి నుంచి వచ్చాక అత్తమ్మ నవ్వడం అదే మొదటిసారి.

ఇద్దరూ కలిసి నిజంగానే చంపారు. మా ఆయన పాత పెయింటు డబ్బాలకు అడుగున చిల్లులు పొడిచి మట్టి నింపి ఇచ్చాడు. మిట్టమధ్యాహ్నం, వాన తెరిపిచ్చి సిమెంటు దాబా పెనంలా కాలుతుంటే, అత్తమ్మ కుర్చీలో కూర్చుని ఎడం చేత్తో ఆ గుంపులోంచి ఒక్కో నారు లాగింది. వేర్లు తెగి కాడలు చేతికొచ్చాయి. నేను వాటిని డబ్బాల్లో గుచ్చి చెంబులతో నీళ్ళు కుమ్మరించాను. సాయంత్రానికి అన్నీ వాలిపోయాయి. అత్తమ్మ వాటిముందు నిలబడి, పెళ్ళిపనుల్లో కునికే ఆడవాళ్ళను అదిలించినట్టే "గిట్ల పండుకుంటరా? లెవ్వుండ్రి!" అని గదిమింది. ఒక్కటీ లేవలేదు. ఆమె తిడితే లేవనివాళ్ళను నేను అంతవరకూ చూడలేదు. ఆ రాత్రి ఆమె అన్నం సరిగా తినలేదు. ఇంక మళ్ళీ దాబా ఎక్కదనుకున్నాను.

పొద్దున లేచేసరికి గుమ్మంలో నిలబడి ఎదురింటివైపు కేకేస్తోంది. "చెల్లె, ఇంక నారున్నదా?"

ఈసారి పొద్దు వాలాక ఎక్కాం. నారుపొట్లం నీళ్ళల్లో నానబెట్టాం కాబట్టి వేర్లు మెత్తగా విడివడ్డాయి. కానీ నాటడానికి రెండు చేతులు కావాలి. ఒక చెయ్యి మొక్కను పట్టుకోవాలి, రెండోది మట్టిని అదమాలి. నేను ముందుకు వంగితే, "నువ్వు పోయి నీ ఫాల్స్ కుట్టుకో" అంది. నేను మెట్ల దగ్గర దాకా వెళ్ళి ఆగాను. ఆమె ఇటూ అటూ చూసి చేతి మీది కొంగు తీసింది. ముడుచుకున్న ఆ చేతిని చూసి ఎన్ని రోజులైందో! నిటారుగా బిగిసిన ఆ చూపుడు వేలిని మట్టిలో గుచ్చి, మొత్తం చెయ్యి తిప్పి తీసింది. కొలిచినట్టు చక్కటి గుంత పడింది. ఎడం చేత్తో నారు దించి, కుడి చేతి పిడికిలితో అదిమింది. ఒక డబ్బా అయ్యాక ఇంకో డబ్బా. ఎందుకూ పనికిరాదనుకున్న వేలు ఆ సాయంత్రం నాగలి పని చేసింది. కిందికి వచ్చాక గోళ్ళల్లో మట్టి కడగనివ్వలేదు. చాలాసేపు ఆ చేతిని దీపం కింద పెట్టుకుని చూసుకుంది.

అవి బతికాయి. బతికాక వాటి పెంపకంలో ఆమె చేసిన పొరపాట్లు చెప్పాలంటే ఈ కాగితాలు చాలవు. బియ్యం కడిగిన నీళ్ళు మంచివని ఎవరో అంటే, అదైతే ఇంకా మంచిది కదా అని గంజి పోసి చీమల్ని పిలిచింది. ఒకనాడు నీళ్ళు పోస్తుంటే చెయ్యి అదుపు తప్పి అన్నిటికంటే ఏపుగా ఉన్న మొక్క తల పుటుక్కున విరిగింది. రెండు రోజులు దాని ముఖం చూడలేదు. తర్వాత చూస్తే, విరిగినచోటు కింద రెండు పక్కలా చిగుళ్ళు. కొన్నాళ్ళకు ఆ తల విరిగిందే అన్నిటికంటే గుబురుగా తయారైంది. అత్తమ్మ దాని చుట్టూ తిరిగి తిరిగి చూసి, నన్ను పిలిచి, "తుంచితెనే పెరుగుతదే ఇది!" అంది, లోకంలో ఎవరికీ తెలియని సంగతి కనిపెట్టినట్టు. ఆ రోజు నుంచి పొద్దున్నే దాబా మీద కూర్చుని ఒక్కో కొసనూ కుడి చేతి బొటనవేలు, చూపుడు వేలు కలిపి తుంచడం షురూ చేసింది. మొదట్లో వేళ్ళు కలిసేవి కావు. ఒక్క చిగురుకు పొద్దెక్కేది. ఎడం చెయ్యి ఖాళీగానే ఉండేది, దాన్ని మాత్రం వాడేది కాదు.

కొన్ని వారాల తర్వాత ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి తన వేలు అందించి, "గట్టిగా పట్టుకోండమ్మా" అంది. అత్తమ్మ పట్టుకుంది. ఆ పిల్ల "అబ్బా" అని చెయ్యి లాక్కుంది.

"రోజూ బంతి పట్టుకుంటున్నారన్నమాట!"

"పట్టుకుంటున్న. రోజు పొద్దుగాల" అంది అత్తమ్మ, నావైపు చూడకుండా.

భాద్రపదం చివర ఒక సాయంత్రం నేను కుట్టిన చీరలు అప్పగించడానికి దుకాణానికి వెళ్ళాను. తిరిగి వస్తుంటే గాలివాన అందుకుంది. తడిసి ఇంటికి వస్తే మంచం ఖాళీ. దాబా మీద చప్పుడు. ఒంటరిగా మెట్లెక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పి ఉన్నాడు. పరిగెత్తుకుంటూ ఎక్కాను. ఆ వానలో అత్తమ్మ నిలువునా తడిసి, వంగి, రెండు చేతులతో పెయింటు డబ్బా హ్యాండిల్ పట్టుకుని వాటర్ ట్యాంకు కిందికి ఈడుస్తోంది. అప్పటికే సగం డబ్బాలు లోపలికి చేరాయి. జారి పడితే ఏమయ్యేదని ఆమె మీద అరిచాను. ఆ ఇంటికి వచ్చాక ఆమె మీద గొంతెత్తడం అదే మొదలు. మామూలుగా అయితే ఆ మాటకు నన్ను వారం రోజులు సతాయించేది. ఆ రోజు చిన్నపిల్లలా నిలబడి, "మొగ్గలున్నయ్ గదనే" అంది. తర్వాత నేను ఒక పక్క పట్టుకుంటే మిగిలిన డబ్బాలు ఇద్దరం కలిసి లోపలికి చేర్చాం.

సద్దుల బతుకమ్మ నాటికి దాబా అంతా పసుపూ నారింజా. ఖాలాకు మాట ప్రకారం సగం కోసిచ్చాం. ఆమె జల్లెడ నిండా పూలు చూసుకుని, "సుభానల్లా! చంపుదామనుకుంటిమి గదా అక్కా" అని నవ్వింది. మిగతావాటితో అత్తమ్మ తానే బతుకమ్మ పేరుస్తానంది. మా ఆయన తెచ్చిన గునుగు, తంగేడు వరుసల మధ్య తన బంతులు పెట్టుకుంటూ పోయింది. కుడి చెయ్యి ఎంత చెప్పినా ఒక పక్కకే లాగుతుంది కాబట్టి పైకి వెళ్ళేకొద్దీ బతుకమ్మ ఒరిగింది. నేను సరిచేయబోతే "ముట్టుకోకు" అంది. పట్టుచీర కట్టుకుంది. పళ్ళెం ఒక పక్క నేను, ఒక పక్క ఆమె పట్టుకుని, గల్లీలోకి దిగాం. చాయ్ కప్పు జారిన రోజు తర్వాత ఆమె నలుగురిలోకి రావడం మళ్ళీ అప్పుడే. చెయ్యి కొంగు కింద లేదు.

గల్లీ చివర ఆడవాళ్ళంతా చేరారు. కొందరు ఆ చేతిని చూడనట్టు తమ పూలు సర్దుకున్నారు. సకినాల దగ్గర అత్తమ్మతో తరచూ మాటలు పడ్డ మూలింటి ఆమె మాత్రం నేరుగా చూసింది. "వదినె, నీ బతుకమ్మ ఒక పక్కకు ఒరిగింది గదా!" అంది.

అత్తమ్మ పళ్ళెం కింద పెట్టి, నడుము నిటారు చేసుకుని అంది. "నేను సుత ఒరిగిన. నిలబడ్డనా, లేదా?"

మూలింటి ఆమె కళ్ళు తుడుచుకుంటూ వచ్చి ఆ బతుకమ్మను తీసి అన్నిటికీ మధ్యలో పెట్టింది. పాట మొదలైంది. మా అత్తమ్మ చప్పట్లు ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా పడుతుంటే, కాలు ఈడుస్తూ ఆమె ఆ వలయంలో తిరుగుతుంటే, ఈమె మా అత్తమ్మ అని కొత్తగా వచ్చినవాళ్ళందరికీ అడక్కుండానే చెప్పాను.

ఆమె ఆ తర్వాత చాలా ఏళ్ళు ఉంది. సకినాలు మళ్ళీ చుట్టలేదు, ఆ చేతికి అంత ఒడుపు రాలేదు. మరుసటి ఏడు గల్లీలో సగం ఇళ్ళ మీద బంతులు లేచాయి. అందరికీ నారు ఇచ్చి, సలహాలు ఇచ్చి, వాటిలో సగం తప్పులు చెప్పి, మొక్క చచ్చిపోతే వాళ్ళ మట్టిదే తప్పనేది. ఆమెతో ఒకే కప్పు కింద నా జీవితంలో పెద్ద భాగం గడిచింది. పండుగలు, పెళ్ళిళ్ళు, కోపాలు, అలకలు ఎన్నో జరిగాయి, చాలావరకు మరిచిపోయాను. ఎవరైనా మీ అత్తగారు ఎలాంటివారు అని అడిగితే మాత్రం ఆ ఒక్క వానాకాలమే నోటికొస్తుంది. కాలం అన్ని ఏళ్ళనూ ఒకే తూకంతో ఇవ్వదు కాబోలు; కొన్ని ఏళ్ళు చప్పుడు లేకుండా వెళ్ళిపోతాయి, ఒక్క ఋతువు మాత్రం జన్మంతా మనతోనే ఉండిపోతుంది.