పాస్టరుగారు చదివిన పబ్బుల జాబితా

ఇరవై ఏళ్ల కిందట నేను పుంగనూరులో మా చర్చి పాటల బృందంలో ఉండేవాణ్ణి. పాటల బృందాన్ని కుప్పంలో రైలెక్కించి, బెంగుళూరులోని పాత చర్చిలు చూపించాలని పాస్టరుగారు అనుకున్నారు. నేనూ, నా స్నేహితుడు ప్రకాషూ మాత్రం మధ్యలో జారుకుని బీరు రుచి చూడాలనుకున్నాం. నెట్ సెంటర్లో వెతికి, మంచి పబ్బుల జాబితా ప్రింటు ఇచ్చాను. అదే ప్రింటర్లో పాస్టరుగారు తీయిస్తున్న చర్చిల జాబితా కాగితాలూ వస్తున్నాయి. ఆయన చూసుకోకుండా అన్నీ కలిపి తీసుకెళ్లిపోయారని నాకు తెలీదు. నాది ఎక్కడో పడిపోయిందనుకున్నాను.

ఆదివారం ఆరాధన చివర ఆయన కళ్లద్దాలు సవరించుకున్నారు.

"మన పిల్లోళ్లు సూడబోయే చోట్లు సదువుతాను, ఇనండి. మొదటిది చర్చి స్ట్రీట్."

"ఆమెన్!" అన్నారు పెద్దలు.

"ఈడ పీపాలోంచి నేరుగా..." ఆయన ఆగి, కాగితం దగ్గరగా పెట్టుకున్నారు. "బీరు పట్టిస్తారంట."

ప్రకాష్ పాటల పుస్తకంలో తల దూర్చేశాడు. అందరూ పాస్టరుగారినే వింతగా చూస్తున్నారు. ఇక తప్పదని లేచాను.

"అయ్యా, అది నా కాగితం."

ఆడవాళ్ల వరసలో కూర్చున్న అమ్మ వైపు చూడటానికి ధైర్యం చాలలేదు.

ఆయన కాగితం చివరిదాకా చూశారు. "యాలప్పా, ఒకటి సాలదా? పద్నాలుగు ఉండాయే!"

ముందు వరసలోని ముసలమ్మలు కూడా పడీపడీ నవ్వారు.

బెంగుళూరులో ఆయన రోజంతా నా చెయ్యి వదల్లేదు. చర్చిలన్నీ బుద్ధిగా చూశాను. అంత సిగ్గుపడ్డ రోజు నాకు మరొకటి లేదు. కానీ నిజం ఒప్పుకున్నవాణ్ణి తిట్టకుండా నవ్వుతో వదిలేసిన ఆయనంటే, ఆ రోజు నుంచే నాకు భయం పోయి ప్రేమ మొదలైంది.