ఏడు తిరగని ఇంటి మామిడికాయ

పచ్చి మామిడికాయ తొడిమ విరిచినప్పుడు చిమ్మే సొనకు ఒక ఘాటు ఉంటుంది. అది ముక్కుకు తగిలితే చాలు, ఇప్పటికీ నాకు గుండె దడ మొదలవుతుంది. మొన్న మా బడి స్టాఫ్‌రూములో ఆయా ఉగాది పచ్చడికని కాయలు తరుగుతుంటే, తాగుతున్న టీ వదిలేసి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. "ఏంటి మేడమ్, ఒంట్లో బాగాలేదా?" అని అడిగిందావిడ. నూజివీడులో పుట్టి పెరిగి మామిడికాయ వాసనకు భయపడతానంటే నలుగురూ నవ్విపోతారు. అందుకని ఎండ ఎక్కువగా ఉందని చెప్పి ఊరుకున్నాను. నా భయం మూడో తరగతిలోని ఒక ఉదయానిది. ఆ ఉదయం వరలక్ష్మి టీచర్ అక్కడ లేకపోతే నేను మళ్ళీ బడి మెట్లెక్కేదాన్ని కాదేమో.

వరలక్ష్మి టీచర్ నూజివీడులో కిరాణా కొట్టువాళ్ళ కోడలు. ధైర్యవంతురాలని మాత్రం ఎవరూ అనలేదు. పిల్లి ఎదురొస్తే రిక్షా వెనక్కి తిప్పించి, ఇంట్లో కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరేది. అందుకే వారంలో సగం రోజులు ప్రేయర్‌కు ఆలస్యం. పాఠం మధ్యలో ఎవరైనా తుమ్మితే సుద్దముక్క గాలిలోనే ఆగిపోయేది. ఇంత పిరికి మనిషి పండగల పాఠం మాత్రం ఎవరూ చెప్పనట్టు చెప్పేది. ఎవరి పండగ గురించి వాళ్ళు చెప్పకూడదు. పొరుగింటికి వెళ్ళి, అడిగి, తెలుసుకొచ్చి చెప్పాలి. నేను మా క్లాసు సల్మావాళ్ళ నానమ్మ పక్కన కూర్చుని రంజాన్ గురించి తెలుసుకున్నాను. సల్మా వినాయకచవితి చెప్పింది. డేనియల్ అట్లతద్ది చెప్పి, మగపిల్లలకు ఉయ్యాల ఎందుకు లేదని టీచర్‌నే నిలదీశాడు. "నీ ఇంటి పండగ నీకెటూ తెలుసు. తెలిసిందే చెప్పి చప్పట్లు కొట్టించుకుంటే అదేం చదువే?" అనేది టీచర్.

ఉగాదికి ముందురోజు తరగతిలోనే పచ్చడి కలిపేవాళ్ళం. బెల్లం, చింతపండు టీచర్ కొట్టునుంచి వచ్చేవి. వేపపువ్వు డేనియల్ దులుపుకొచ్చేవాడు. మామిడికాయలు మాత్రం మా నాన్నవి. ఆగిరిపల్లి దగ్గర మాకు రసాల తోట ఉంది. అన్నయ్య ఆ బడిలో చదివిన రోజుల నుంచీ ఏటా నాన్నే వచ్చి కాయలిచ్చి వెళ్ళేవారు. నా మూడో తరగతి వానాకాలంలో నాన్నకు గుండెనొప్పి వచ్చింది. బెజవాడ తీసుకెళ్ళేలోపే పోయారు. సంవత్సరీకం అయ్యేదాకా మా ఇంట్లో పండగల్లేవు. గుమ్మానికి తోరణం లేదు, పొయ్యిమీద మూకుడు లేదు. పండగ రోజుల్లో అమ్మ తలుపు దగ్గరగా వేసి పనిచేసుకునేది. అలాంటిది ఉగాది వచ్చేసరికి తానే నాలుగు కాయలు సంచిలో వేసింది. "మీ నాన్న ఏటా ఇచ్చేవారు. ఇప్పుడు మానేస్తే ఆయన్నే మానేసినట్టుంటుంది" అంది. వెంటనే గొంతు తగ్గించి, "ఎవరన్నా వద్దంటే తిరిగి తెచ్చెయ్. అక్కడ ఏడవకు" అంది. అమ్మే భయపడుతుంటే ఇక నేనెంత?

ఆటోలో సంచి ఒళ్ళో పెట్టుకుని, ఎవరూ ఏమీ అనకూడదని దారిపొడుగునా దేవుణ్ణి వేడుకుంటూనే ఉన్నాను. అన్నారు. కాయలు బల్లమీద పెట్టగానే ముందు బెంచీలోంచి స్వప్న లేచింది. "టీచర్, వాళ్ళ కాయలు వద్దండీ. వాళ్ళకింకా ఏడు తిరగలేదు. అలాంటి ఇంటి కాయ శుభానికి పనికిరాదని మా అమ్మ చెప్పింది." తప్పు స్వప్నది కాదు, ఊళ్ళో అందరి మాటా అదే. నేను టీచర్ ముఖంలోకి చూశాను. ఆ ముఖం చూశాక నా ఆశ పూర్తిగా చచ్చిపోయింది. పిల్లి ఎదురొచ్చినప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. కాయలు మళ్ళీ సంచిలో వేసుకుని, సంచి మూతికి ముడి వెయ్యబోయాను.

"ఉండవే" అంది టీచర్. తరవాత క్లాసుకేసి తిరిగి, "పండగ లేని ఇంటికి మీరేం చేస్తారర్రా? చెప్పండి" అంది.

ముందుగా సల్మా లేచింది. "మా తాత పోయిన ఏడు రంజాన్‌కి మేం కొత్తబట్టలు కుట్టించుకోలేదు టీచర్. పక్కింటివాళ్ళే షీర్‌ఖుర్మా తెచ్చిచ్చారు." డేనియల్, "క్రిస్మస్‌కి మేం స్టార్ కట్టలేదండీ, మా చిన్నాన్న పోయాడు కదా. చర్చివాళ్ళు కేకు తెచ్చి, ప్రార్థన చేసి వెళ్ళారు" అన్నాడు. చివరికి స్వప్న కూడా నసుగుతూ, "మా అత్తకి మా అమ్మ బూరెలు పంపింది" అంది.

"అందరూ పంపుతారన్నమాట. మరి వాళ్ళు మనకిస్తే మనం పుచ్చుకోకూడదా? ఇదెక్కడి న్యాయం?" ఆ ప్రశ్న మమ్మల్ని అడిగిందో, తనను తానే ప్రశ్నించుకుందో తెలియదు. నా సంచిలోంచి ఒక కాయ తీసి, కడిగి, ముక్క కోసి నోట్లో వేసుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. తరవాత మిగిలిన కాయలన్నీ తరిగి పచ్చడిలో కలిపింది. అందరం తిన్నాం. స్వప్న ఒకసారి గుమ్మంకేసి చూసి, తనూ తింది. సాయంత్రం టీచర్ ఒక చిన్న స్టీలు డబ్బాలో పచ్చడి పోసి అమ్మకు పంపింది. అమ్మ నిలబడే చేత్తో నాకి, "ఉప్పెక్కువైంది" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

టీచర్ ట్రైనింగ్ అయ్యాక స్వీట్లు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అప్పటికి ఆవిడ రిటైరై, కొట్టు వెనక గదిలో పప్పు ఏరుకుంటోంది. మాటల్లో ఆ రోజు సంగతి వచ్చింది. "అప్పుడు మా అమ్మాయికి తొమ్మిదో నెల తెలుసా? పురుడొచ్చేదాకా నాకు కంటిమీద కునుకు లేదనుకో. చేజేతులా ఏం తెచ్చిపెట్టానో అని ఒకటే బెంగ" అంది.

నాకు ఒళ్ళు జలదరించింది. "మరి ఎందుకు తిన్నారండీ?"

"నువ్వు సంచికి ముడేసుకుంటున్నావు కదే. నా భయం పోయాక తిందామనుకుంటే నువ్వు ఇంటికెళ్ళిపోయేదానివి."

"తరవాతైనా పోయిందా భయం?"

"ఎక్కడమ్మా! మనవడు పుట్టాడు, దుక్కలా ఉన్నాడు. నాకు మాత్రం పిల్లి కనబడితే ఇప్పటికీ భయమే."

రెండేళ్ళ క్రితం ఆవిడ పోయింది. నేను ఆవిడలాగే పండగల పాఠం చెబుతున్నాను. ఈమధ్య ఇళ్ళనుంచి ఫోన్లు ఎక్కువయ్యాయి. "మా పిల్లతో వాళ్ళ పండగ గురించి ఎందుకు చెప్పిస్తున్నారండీ?" అని అడుగుతున్నారు. "కొంచెం చూసుకోండి మేడమ్" అని కరస్పాండెంట్ గారు ఇప్పటికే రెండుసార్లు హెచ్చరించారు. ఉద్యోగం పోతుందేమోనన్న బెంగ రోజూ ఉంది. వయసుతోపాటు ధైర్యం వస్తుందని ఎవరు చెప్పారో గాని, నాకు రాలేదు. గుడ్‌ఫ్రైడే గురించి చెప్పాల్సిన పాప తండ్రి నిన్న ఫోన్‌లో, "మా అమ్మాయి పేరు తీసెయ్యండి" అని గట్టిగా అన్నాడు. సరేనండీ అందామనే నోరు తెరిచాను. "మీరు రేపు వచ్చి వెనక బెంచీలో కూర్చుని వినండి. విన్నాక తీసెయ్యమంటే తీసేస్తాను" అన్న మాట ఎలా వచ్చిందో తెలియదు.

ఈ ఉదయం ఆయన నిజంగానే వచ్చాడు. చేతులు కట్టుకుని, నాకేసే చూస్తూ చివరి బెంచీలో కూర్చున్నాడు. పాప ఒకసారి తండ్రిని, ఒకసారి నన్ను చూసింది. గొంతు సవరించుకుని, పాప పేరు పిలిచాను.