ప్రసాదరావు గారి నారింజ బిళ్లలు

మొన్న నోయిడా మెట్రోలో పక్కన కూర్చున్నావిడ నారింజ బిళ్ల కాగితం విప్పింది. ఆ పుల్లటి తీపి వాసనకి నాకు ఒళ్లు మండింది, ఆవిడ మీద కాదు. ముందు రోజే మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో, ప్రసాదరావు గారు పోయారన్న వార్త కింద ఎవరో రాశారు: "మంచి మనిషే. షుగర్ ఉండి కూడా నోరు కట్టుకోలేకపోయారు." దాని కింద వరసగా దణ్ణాల బొమ్మలు. అది అబద్ధం. అబద్ధమని తెలిసినవాణ్ణి నేను.

ఇక్కడ నోయిడా ఆఫీసులో ఆయన నా మొదటి టీమ్ లీడ్. నరసరావుపేట నుంచి వచ్చిన నాకు అప్పటికి హిందీ రాదు, ఇంగ్లీషు అంతంత మాత్రం. నేను చేసిన పొరపాటుకి క్లయింటు పని ఆగిపోతే, అందరి ముందూ తప్పు తన మీద వేసుకున్నారు. తర్వాత మయూర్ విహార్‌లో తమ ఇంటికి తీసుకెళ్లి, వంకాయ కూరతో భోజనం పెట్టించి, ఆ పొరపాటు ఎక్కడుందో నా చేతే వెతికించారు. కింద పనిచేసేవాణ్ణి కాపాడుకోవడం కూడా ఉద్యోగంలో భాగమేనని నాకు తెలిసింది అక్కడే.

సన్నటి మనిషి, కాస్త పొట్ట. షుగర్ అని తెలియగానే ఆఫీసులో అందరూ డాక్టర్లయిపోయారు. మీ సౌత్ వాళ్లు అన్నం తింటారు కాబట్టే వచ్చిందన్నారు. ఆయన అన్నం మానేసి పుల్కాలకి మారారు. ఓ సాయంత్రం గేటు దగ్గర నాతో అన్నారు: "మా నాన్న మూడు పూటలా అన్నమే తిన్నాడోయ్. కాకపోతే ఆయన చేలోకి నడిచాడు, నేను క్యాబ్ దాకా నడుస్తున్నా."

భోజనానికి ముందు మాత్ర వేసుకునేవారు. సరిగ్గా అప్పుడే క్లయింటుతో కాల్ మొదలయ్యేది, ఎంతకీ తెమిలేది కాదు. ఆయన చేతులు వణికేవి, చొక్కా తడిసిపోయేది. సొరుగులోంచి ఓ నారింజ బిళ్ల తీసి నోట్లో వేసుకునేవారు.

"మాత్ర టైముకి పనిచేస్తుంది, మీటింగే టైముకి అవ్వదు," అన్నారు నాతో. "తిండి ఆలస్యమైతే షుగర్ పడిపోతుందోయ్. ఈ బిళ్ల అందుకు. ఎవరికీ చెప్పకు."

మీటింగుల్లో కూర్చోలేడని తెలిస్తే ప్రాజెక్టు నుంచి తీసేస్తారని ఆయన భయం.

ఎదుటి సీటు కపిల్‌కి అది వేళాకోళం. "రావు సాబ్, చావల్ బంద్, టాఫీ చాలూ?" అనేవాడు, అన్నం మానేసి బిళ్లలు మొదలెట్టారా అని. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఓ రోజు కపిల్, ఆయన మంచికేనంటూ సొరుగులోని బిళ్లల పొట్లం తీసి దాచేశాడు. నా కళ్ల ముందే. ఎవరికీ చెప్పొద్దన్నారు కదా అని సాకు చెప్పుకుని ఊరుకున్నాను. కనీసం ఆయనకైనా చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం కాల్ సాగుతూనే ఉంది. ఆయన సొరుగు లాగారు, తడిమారు, నా వైపు చూశారు. నేను లేచేలోపే కుర్చీలోంచి పడిపోయారు.

ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక, ఆరోగ్యం చూసుకోమని మర్యాదగా చెప్పి ఆయన్ని ప్రాజెక్టు నుంచి తప్పించారు. కపిల్‌ని ఎవరూ ఏమీ అనలేదు. గంటల తరబడి మనుషుల్ని తిండికి లేవనివ్వని వాళ్లనీ ఏమీ అనలేదు. ఆయన స్థానంలో నన్ను కూర్చోబెట్టారు, కూర్చున్నాను. కొన్నాళ్లకి ఆయన ఉద్యోగమే మానేశారు. ఇన్నేళ్లకి ఆయన పోతే, గ్రూపులోవాళ్లు ఆయనకి తిండిపోతన్న పేరు మిగిల్చారు.

ఇదంతా గ్రూపులో రాశాను. ఒక్కరూ జవాబివ్వలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడు నా కింద ఓ టీమ్ ఉంది. మధ్యాహ్నం కాల్ సాగితే మధ్యలోనే లేస్తాను. మావాళ్లు భోంచెయ్యాలి, తర్వాత మాట్లాడదాం అంటాను. పైవాళ్లకి కోపం వస్తుంది. రానివ్వండి. ఆ రోజు ఎవరో ఒకరు ఈ ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అప్పుడు ఆయన పక్క కుర్చీ నాదే.