నాలుగు ప్లగ్గుల కాపలా

ఆ రోజుల్లో ఎదుటివాణ్ణి అనుమానించడం తెలివైనవాడి లక్షణం అనుకునేవాణ్ణి. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. డైరీ రాసే అలవాటు అంతకు నాలుగేళ్ళ ముందే పట్టుకుంది. రోజూ ఏం తిన్నాను, ఎవరు వచ్చారు, ఎవరు ఏమన్నారు అని రాసుకునేవాణ్ణి. అక్కడితో ఆగినా బాగుండేది. ఎవరు ఏం అనకుండా దాచారో కూడా రాయడం మొదలుపెట్టాను. (ఆ నోటుబుక్కులు ఇప్పటికీ బీరువా అడుగున ఉన్నాయి. తీసి చదివితే, నాకు తెలిసిన మనుషుల్లో నేరం చెయ్యనివాడు ఒక్కడూ కనిపించడు.)

మాది చంద్రగిరి. ఎండలో పుట్టి ఎండలో పెరిగినవాణ్ణి. మా నాయన దూరపు చుట్టరికం పట్టుకుని నన్ను మదనపల్లెలో ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తాగా చేర్పించాడు. భోజనం, పడక వాళ్ళ ఇంట్లోనే. మదనపల్లె మా జిల్లాలోదే అయినా చలి మాత్రం మా జిల్లాది కాదు. సంక్రాంతికి ముందు రోజుల్లో తెల్లవారుజామున లేస్తే, కొండల మీదినుంచి దిగిన మంచులో ఎదురిల్లు కనిపించేది కాదు. నేను రెండు చొక్కాలు తొడిగి, వాటి మీద దుప్పటి కప్పి, చెవులకు తువ్వాలు చుట్టుకుని, ఆ వేషంతోనే కచేరీ గదిలో కూర్చుని దావాలు రాసేవాణ్ణి. ప్లీడరుగారు, వారి తల్లి (ఇంట్లో అందరికీ ఆమె అవ్వ) ఆ చలిలోనే బావి నీళ్ళు తోడి పోసుకునేవాళ్ళు. ఆ ఇంట్లో వేడి నీళ్ళ కాగు అన్నదే లేదు. నేను మాత్రం ఎండ బావి గట్టు దాకా వచ్చిన తరువాత స్నానం చేసేవాణ్ణి.

నాకంటే ఎక్కువ చలిబాధ పడే ప్రాణి ఆ ఇంట్లో ఒక్కటే ఉండేది, అది ప్లీడరుగారి కారు. నాలుగు సిలిండర్ల పాత బండి. యుద్ధం రోజులు కనుక సరైన పెట్రోలు దొరికేది కాదు, దొరికినదాంట్లో కిరసనాయిలు వాసన వచ్చేది. ముందు హ్యాండిలు పెట్టి తిప్పాలి, తిప్పితే అది దగ్గేది, ఉమ్మేది, మళ్ళీ నిద్రపోయేది. ఒక గురువారం చిత్తూరు జిల్లా కోర్టులో వాయిదా. తెల్లవారుజామునే బయలుదేరాలి. ఆరుగురం వీధి చివరదాకా తోసినా బండి లేవలేదు. ఎండ వచ్చాక లేచింది. మేము చిత్తూరు చేరేసరికి కేసు పిలవడం అయిపోయింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే దావా కొట్టేస్తానన్నాడు జడ్జి. ఆ దావా ఒక ముసలి రైతుది. వాడికున్న ఒకే ఒక్క చేను దాని మీదే ఆధారపడి ఉంది. వాడు కోర్టు మెట్ల మీద కూర్చుని ఒక్క మాట కూడా అనలేదు. అదే ప్లీడరుగారికి ఎక్కువ బాధ కలిగించింది.

ఇంటికి రాగానే ఆయన డ్రైవరును పిలిచారు. డ్రైవరుది నగరి. యాభై దాటిన మనిషి, అందరికీ నగరన్న.

“నగరన్నా, వచ్చే గురువారం మళ్ళీ వాయిదా. ఆ పొద్దు బండి కదలకపోతే నువ్వు నగరికి కదలాల్సి ఉంటుంది” అన్నారు. తరువాత నా వైపు తిరిగి, “నువ్వూ ఒక కన్నేసి ఉండు” అన్నారు.

ఆయన మాటవరసకు అన్న మాట అది. నేను రెండు కళ్ళూ వేశాను.

మరుసటి రోజు జరిగిన వింత ఏమిటంటే, బండి అర చుట్టుకే లేచింది. ఆ మరుసటి రోజూ అంతే. అదే చలి, అదే మంచు, అదే పెట్రోలు. ఇంకెవరైనా అయితే సంతోషించేవాళ్ళు. నేను డైరీలో ఇలా రాశాను: “మొన్నటిదాకా లేవని బండి ఇప్పుడు లేస్తున్నది. కనుక మొన్న లేవకుండా ఎవరో చేశారు. లేపడం తెలిసినవాడికే లేవకుండా చేయడమూ తెలియాలి.” ఈ వాక్యాల కింద రెండు గీతలు గీసుకున్నాను.

అప్పటినుంచి రోజూ దీపాలు పెట్టే వేళకు టార్చిలైటు, నోటుబుక్కు పట్టుకుని కారు చుట్టూ ప్రదక్షిణాలు మొదలుపెట్టాను. మూడో రోజు నా శ్రమ ఫలించింది. తులసికోట చాటునుంచి చూస్తున్నాను. నగరన్న అటూ ఇటూ చూసి, బానెట్టు ఎత్తి, స్పానరుతో ఏవో నాలుగు వస్తువులు విప్పి, తలగుడ్డలో మూటకట్టి, నడుముకు దోపుకుని, దగ్గుకుంటూ వెళ్ళిపోయాడు. ప్లగ్గులు, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించేవి! తెల్లవారుజామున వచ్చి మళ్ళీ బిగించాడు. ఆ మరునాడూ అదే వరస.

ప్లగ్గులు బజారులో దొరకని కాలం. ఎవరో బస్సు ఓనరుకు రాత్రిళ్ళు అరువిస్తున్నాడని నేను తేల్చేశాను. (రాత్రిళ్ళు మదనపల్లెలో బస్సులు తిరగవన్న సంగతి నాకు తట్టలేదు.) బుధవారం సాయంత్రం, వాయిదాకు ముందు రోజు, అతను మూట కట్టే సమయానికి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

“బండి సామాను కాంపౌండు దాటకూడదు. ఇట్లా ఇవ్వు నగరన్నా.”

అతని ముఖం మారిపోయింది. “ఇది అయ్య మాటా సామీ, నీ మాటా?”

“అయ్య మాటే” అన్నాను. కన్నేసి ఉండమన్నారు కదా, ఇదీ అందులోకి వస్తుందని నా వ్యాఖ్యానం.

“అది కాదప్పా, ఒక్క మాట సెప్తా ఇను, ఈ సలికి...”

“మాటలేం వద్దు.”

అతను కాసేపు నన్ను కిందినుంచి పైకి చూశాడు. “సరే. రేపు పొద్దున బండి లేయకుంటే నన్ను అడగొద్దు” అని మూట నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మాటను బెదిరింపు కింద నమోదు చేశాను. ప్లగ్గులను కచేరీ గదిలో ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఆ తరువాత రెండు పేజీల రిపోర్టు రాసి, కవరులో పెట్టి ప్లీడరుగారికి ఇచ్చాను. కేసు కాగితాల్లో మునిగి ఉన్న ఆయన దాన్ని కోటు జేబులో పెట్టుకుని, “రేపు దారిలో చూస్తాలే” అన్నారు. ఆ రాత్రి ఎంత హాయిగా నిద్రపోయానో చెప్పలేను.

తెల్లవారుజామున ఇనప్పెట్టె తెరిస్తే చల్లదనంలో పెట్టెకూ బావికీ తేడా లేదు. కింద బండలు, చుట్టూ ఇనుము. ప్లగ్గులు తీసి నగరన్న చేతిలో పెట్టాను. అతను ఉలిక్కిపడి, “థూ, మంచుగడ్డలు” అన్నాడు. బిగించాడు. హ్యాండిలు తిప్పాడు. ఇరవైసార్లు తిప్పాడు. బండి కనీసం దగ్గను కూడా దగ్గలేదు. ప్లీడరుగారు కోటు తొడుక్కుని, కేసు కట్ట చంకలో పెట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. గడియారం చూసుకుని లోపలికి వెళ్ళారు.

నగరన్న మళ్ళీ ప్లగ్గులు విప్పాడు. పెట్రోలుతో తడిసి ఉన్నాయి. “ఇంగ సెప్తా, ఇంటావా?” అన్నాడు. “ఆ గురువారం ఇంటికి పోతే నా పెండ్లాం అనింది, నీ కీళ్ళకు కాపడం పెడతాండా గదా, నీ బండికీ పెట్టరాదా అని. అప్పట్నుంచి రాత్రంతా పొయ్యి గట్టు మీద వెచ్చని బూడిదలో పెడతాండా. పొద్దున ఒళ్ళో పెట్టుకోని పరిగెత్తుకోని వస్తాండా. వెచ్చగా, పొడిగా ఉంటే అర సుట్టుకే నిప్పు రవ్వ పడతాది.”

“మరి దొంగచాటుగా ఎందుకు తీసుకుపోతావు?” అన్నాను, ఇంకా ఆశ వదులుకోకుండా.

“నీ కోసరమే! సీకటి పడతానే టార్చి ఏసుకోని బండి సుట్టూ తిరిగేది ఎవరప్పా? తులసికోట చాటున నక్కేది ఎవరు? ఈ చంద్రగిరోడు ప్లగ్గులు కొట్టేస్తాడని భయపడి నడుములో దాసుకుంటి.”

జీవితంలో నన్ను ఎవరైనా దొంగ అనుకోవచ్చునన్న ఊహ నాకు అదే మొదటిసారి వచ్చింది.

అతని ఇల్లు ఊరవతల. పోయిరావడానికి వ్యవధి లేదు. ఆ వేళకు ఆ వీధిలో వెలిగిన పొయ్యి ఒక్కటే, అది అవ్వ మడి వంటింట్లో. ఆ గడప లోపలికి మడి కట్టని మనిషి వెళ్ళడం నేనెన్నడూ చూడలేదు. ప్లగ్గులు చేతిలో పెట్టుకుని గడప బయట నిలబడి అవ్వను పిలిచాను.

“అవేందిరా, నల్లగా?”

“కారు ప్లగ్గులు అవ్వా. నిప్పు మీద పెట్టకుంటే బండి కదలదు. ఆ రైతు చేను పోతుంది.”

ఆమె గరిటె పక్కన పెట్టి ప్లగ్గుల వైపు వంగి చూసింది. “ఇనుముకు మైల లేదు, నిప్పులో పడితే అంతా పోతాది. నీ సంగతే! స్నానం చేసినావా?”

“లేదు.”

“చేసి రా. తడిబట్టతో రా. నువ్వే పెట్టాల, నేను ముట్టను.”

బావి దగ్గర మొదటి చేద నెత్తిన పోసుకున్నప్పుడు నేను అరిచిన అరుపుకు పక్కింటి కుక్కలు బదులిచ్చాయి. రెండో చేదకు అరవడానికి గొంతు లేదు. తడి పంచెతో, దవడలు టకటకలాడుతూ వెళ్ళి, పటకారుతో ప్లగ్గులను నిప్పుల మీద పెట్టాను. వాటికి అంటిన పెట్రోలు భగ్గుమంది. అవ్వ రెండడుగులు వెనక్కి గెంతి, “కృష్ణా! నా పప్పు!” అంది. (ఆ రోజు పప్పు కిరసనాయిలు వాసన వచ్చిందని తరువాత తెలిసింది. ఎవరూ నోరెత్తలేదట.)

నగరన్న వేడి ప్లగ్గులను తలగుడ్డతో పట్టుకుని బిగించి, హ్యాండిలు వేసి అర చుట్టు తిప్పాడు. బండి లేచింది.

నేను ముందు సీట్లో అతని పక్కన కూర్చున్నాను. తల ఇంకా తడిగానే ఉంది. వెనక సీట్లో ప్లీడరుగారు, ఆయన జేబులో నా రిపోర్టు. దాన్ని అడిగి తీసుకోవడమెలాగో తెలియక పీలేరు దాకా చెమట పట్టించుకున్నాను, ఆ చలిలో. పీలేరు దాటాక కవరు చింపిన చప్పుడు వినిపించింది. రెండు పేజీలూ నిదానంగా చదివారు.

“సాక్ష్యం చక్కగా ఉంది అబ్బీ. తేదీలు, వేళలు, అన్నీ. ఒక్క ప్రశ్న. ముద్దాయిని అడిగినావా?”

నేను రోడ్డు పక్క మైలురాళ్ళు లెక్కపెట్టసాగాను.

“ఏందయ్యా అది?” అన్నాడు నగరన్న, తల తిప్పకుండా.

“ఏం లేదు. నువ్వు బండిని ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నావో ఈ పిల్లోడు రాసిచ్చినాడు.”

నగరన్న ఏమనుకున్నాడో, ఒక చేత్తో తలగుడ్డ విప్పి నా ఒళ్ళో పడేశాడు. “తల తుడుసుకో సామీ, జలుబు సేస్తాది.” అది ఇంకా వెచ్చగా ఉంది. బూడిద వాసన, ఆయిలు వాసన కలిసి వస్తున్నాయి. కేసు పిలవడానికి కొద్దిగా ముందే కోర్టు చేరుకున్నాం. మెట్ల మీద ముసలి రైతు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

ఆ రాత్రే డైరీలో ప్రతి పేజీకీ చివర ఒక గడి గీసి, పైన “అడిగానా?” అని రాసుకున్నాను. రిటైరయ్యాక కూడా గీస్తూనే ఉన్నాను. పాతవి తిరగేస్తే ఖాళీ గడులే ఎక్కువ. మొన్న మా మోటారు పంపు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ సంచి, పోయేటప్పుడు వచ్చినప్పటికంటే బరువుగా ఉన్నట్టు కనిపించింది. ఈసారి తులసికోట చాటున నక్కలేదు. నేరుగా అడిగాను. లోపల మా ఆవిడ కట్టిచ్చిన చింతపండు ఉంది. గడిలో టిక్కు పెట్టుకున్నాను. పంపు పని ఇంకా మిగిలే ఉంది; అడిగినందుకు నొచ్చుకున్నాడేమో, మరునాటినుంచి అతను సంచి గేటు బయటే పెట్టి లోపలికి వస్తున్నాడు, నేనేమో ఆ సంచిని ఎవరూ ఎత్తుకుపోకుండా కాపలా కాస్తున్నాను.