కడ్డీ ఆగిన చోటు

ఆయుధపూజ నాడు హిందూపురంలో మా అమ్మాయి ఇంటి ముందు అల్లుడు తన ఆటో కడిగి, బంతిపూల దండ వేసి, అద్దం సందులో ఊదుబత్తులు గుచ్చాడు. ఆ పొగ ముక్కుకు తగలగానే గడప మీద కూర్చుండిపోయాను. ఆ వాసన అందరికీ దేవుణ్ణి గుర్తు చేస్తుంది. నాకు మాత్రం ఒక పాత తుపాకీ, దాని వెనకాలే పెనుకొండ దస్తగిరి తాత గుర్తుకొస్తాడు. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే గాని రాయడం రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. ఆ తాతను చూడనివాళ్లకు ఆయన ఎట్లాంటి మనిషో చెప్పాలని నా ఆశ.

పెనుకొండ కోట కొండ కింద ఒక సందులో తాత అంగడి ఉండేది. తుపాకులు బాగుచేయడానికి సర్కారు లైసెన్సు ఉన్న మనిషి. చెనిక్కాయ, అదే వేరుశనగ చేలల్లో అడవిపందులను బెదిరించే రైతులు తమ నాటు తుపాకులు ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డ కూరి, గుండ్లు వేసి, ఇనుప కడ్డీతో దట్టించే పాతకాలపు తుపాకులు అవి. పని లేని రోజుల్లో తాత తాళాలు, పంపు స్టవ్వులు కూడా బాగుచేసేవాడు. ఎడమ కనుబొమ్మ ఉండేది కాదు, ఎప్పుడో మందు మండి కాలిపోయిందట. నేను అక్కడికి చేరింది నా మొగుడు పోయిన ఏడాది. చేలో మోటారు వైరు సరిచేయబోయి పోయాడు. పక్కనున్న నలుగురూ మా వాకిట్లోకి వచ్చి, "కరెంటు లేదనుకుంటిమి వదినా" అన్నారు. శవం కన్నా ముందు ఆ మాట వచ్చింది మా ఇంటికి. కడుపు కోసం ఊడ్చే పనికి తాత అంగడికి పోయాను.

మొదటి రోజే తిట్లు తిన్నాను. ఊడుస్తూ ఒక తుపాకీని పక్కకు జరిపానంతే.

"ఏమ్మే ఈరమ్మా, దాని మూతి యాడ చూస్తాండాది?"

"గోడ పక్క తాతా."

"గోడ అవతల ఎవురుండారు?"

"నాకేం తెలుసు?"

"తెలీకపోతే నేలను చూపీ. నేల ఎవురికీ పెండ్లాం కాదు, బిడ్డ కాదు."

ఆ తర్వాత మెల్లగా పని నేర్పాడు. కిరసనాయిలులో గుడ్డ తడిపి తుప్పు వదిలించడం, చీలిన కట్టెకు లక్క పెట్టి రాగి చీల దించడం, అవిసె నూనె పట్టించి అరచేతి వేడితో రుద్దడం. వాటన్నిటికన్నా ముందు కడ్డీ. ఏ తుపాకీ వచ్చినా దాని గొట్టంలోకి కడ్డీ దించాలి. అది ఆగినాక, మూతి దగ్గర కడ్డీ మీద సుద్దతో గీత పెట్టాలి. బయటికి తీసి, ఆ గీతను మూతికి సరిపెట్టి, గొట్టం పక్కన ఆనించి కొలవాలి. నిప్పు అందించే బెజ్జం దాకా కడ్డీ కొస వస్తే లోపల ఖాళీ. రాకపోతే ఏదో ఉన్నట్టు. తెచ్చినవాడు తల మీద చెయ్యి పెట్టుకొని ఒట్టేసినా సరే, తాత కడ్డీ దించకుండా తుపాకీ ముట్టేవాడు కాదు. ఒక రైతుకు కోపమొచ్చింది. "మా ఇంటిది కూడా నన్ను ఇంత అనుమానపడదప్పా" అన్నాడు. "ఆయమ్మకు కడ్డీ దొరకలేదులే" అన్నాడు తాత, తల ఎత్తకుండా. ఆ రైతు కూడా నవ్వేశాడు. మొగుడు పోయాక నేను నవ్వింది ఆ రోజే.

కొన్నేళ్ల తర్వాత, దసరా ఇంకా దూరం ఉండగానే, తాడిమర్రి పక్కనుంచి ఓబుళయ్య అనే పెద్దాయన వచ్చాడు. దుప్పట్లో చుట్టిన తుపాకీని ధర్మవరం మీదుగా బస్సులో, ఒడిలో అడ్డంగా పెట్టుకొని తెచ్చాడు. వాళ్ల ముత్తాత కాలం నాటిదట. కట్టె నిలువునా చీలింది, మీట నొక్కితే వచ్చి కొట్టే గుర్రం విరిగింది, గొట్టం పొడుగూతా తుప్పు. గుర్రం కొట్టే చోట, నిప్పు లోపలికి పోయే మొలక అనే చిన్న ఇనుప ముక్క ఎప్పుడో ఊడిపోయి, దాని కింది బెజ్జం తెరుచుకొని ఉంది. పైన కాస్త గుంట మిగిల్చి, ఆ బెజ్జం అడుగున కుంకుమ, విభూతి, నూనె కలిసి రాయి మాదిరి గట్టిపడ్డాయి.

"ఇది పూజ తుపాకి. కొత్త ఇంట్లో పడసాల గోడకు పెడతాము. మెరవాల, అంతే. ఆ బెజ్జంలో కుంకుమ మాత్రం గీకొద్దు, పెద్దోళ్లు పెట్టింది" అన్నాడు. సెల్‌ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. పోయిన దసరాది. పట్టుపంచె కట్టిన చిన్న మనవడు తుపాకీని ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు. ఆ బెజ్జంలోనే గుచ్చిన ఊదుబత్తి పొగ విడుస్తోంది. "సరిగ్గా ఊదుబత్తి పట్టేంత బెజ్జం. మా యింట్లో ఆడోళ్లు ఏటేటా ఆడనే గుచ్చుతారు" అని మురిసిపోయాడు.

నేను తుపాకీ అందుకోబోయాను. పెద్దాయన వెనక్కి లాక్కున్నాడు. "మొగుడు లేని ఆడది పట్టగూడదప్పా దీన్ని."

తాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కట్టె చీలింది. గుర్రం ఇరిగింది. తుప్పు పొరలు పొరలుగా ఉండాది. ఆయమ్మ చెయ్యి తగిలి ఇంగ చెడేదానికి ఏం మిగిలిందబ్బా దీంట్లో?"

వాళ్లిద్దరూ అట్లా మాటకు మాట అనుకుంటూనే ఉన్నారు. మాటల్లో పడి పెద్దాయన తుపాకీని బల్ల మీద పెట్టేశాడు. నా చెయ్యి దానంతట అదే మూలనున్న కడ్డీ అందుకుంది. దించాను. టక్కుమని ఇనుము తగలాల్సింది పోయి మెత్తగా ఆగింది. సుద్దగీత పెట్టి, బయట ఆనించాను. బెజ్జానికి నాలుగు వేళ్లు ఇవతలే ఆగిపోయింది. తప్పు చేశానేమోనని మళ్లీ దించాను. మళ్లీ నాలుగు వేళ్లు.

"తాతా, ఉండాది."

"ఏముండాది? ఖాళీది అది" అన్నాడు పెద్దాయన. "మా నాయన చెప్పినాడు ఖాళీ అని. మా నాయనకు వాళ్ల నాయన చెప్పినాడు."

తాత నా చేతిలోంచి కడ్డీ తీసుకొని తనూ దించి చూశాడు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు తుపాకీ ఎత్తుకొని, మూతి మట్టివైపు పెట్టుకొని, పెరట్లోకి నడిచాడు. అక్కడ దాన్ని గోడకు కట్టి, గొట్టంలో నీళ్లు పోశాడు. బెజ్జం మూసుకుపోయింది కాబట్టి బొట్టు కూడా కారలేదు. రెండు రోజులు నాననిచ్చి, కొసన మర ఉన్న కడ్డీతో లోపలిదాన్ని కొంచెం కొంచెంగా లాగాడు. పెద్దాయనను కూడా పిలిపించాడు. ముందు కుళ్లిన గుడ్డ పీలికలు వచ్చాయి. తర్వాత సీసపు గుండ్లు, మళ్లీ గుడ్డ, దాని వెనక నల్లటి బురద. అట్టడుగున నీళ్లు అందని ఒక గడ్డ పొడిగానే ఉంది. తాత దాంట్లోంచి చిటికెడు తీసి రాతి బండ మీద పెట్టి, మమ్మల్ని దూరం జరిపి, పొడుగాటి పుల్లకు కట్టిన ఊదుబత్తి నిప్పు తగిలించాడు.

బుస్సుమంది. తెల్లటి పొగ మనిషెత్తు లేచింది. బండ మీద నల్లటి మచ్చ మిగిలింది.

ముత్తాత పోసిన మందు. పోసినాయన పోయాడు, ఆయన కొడుకు పోయాడు, మనవడు పోయాడు. అది మాత్రం చావలేదు. పెద్దాయన ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. వాళ్ల ఇంట్లో ప్రతి పెళ్లికొడుకూ ఫొటో కోసం ఆ తుపాకీని భుజానికెత్తి పెళ్లికూతురివైపు గురి పెట్టేవాడట. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా దాన్ని పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి తెచ్చుకునేవాళ్లట. మూతి లోపల కన్ను పెట్టి చూడని పిల్లవాడు ఆ ఇంట్లో లేడట. గట్టిపడిన ఆ కుంకుమ గనక లేకపోతే ఏ ఊదుబత్తి నిప్పురవ్వ లోపలికి జారేదో!

"దేవుడు కాపాడినాడు సాబూ" అన్నాడు పెద్దాయన చివరికి.

"కాపాడినాడు. ఏటేటా కాపాడతానే వచ్చినాడు. ఆయప్పకు ఇంగ సెలవియ్యి" అన్నాడు తాత.

పెద్దాయన పోయాక తాతకు టీ ఇచ్చాను. సాసరులో పోసుకోబోతే సగం చొక్కా మీద ఒలికింది. అప్పుడు అన్నాడు. "ఈరమ్మా, నేను కడ్డీ దించకూడదనుకుంటినే. పూజ తుపాకి, పెద్దమనిషి, నొచ్చుకుంటాడు, ఈ ఒక్కదానికీ వద్దులే అనుకుంటి. నా కొలిమిలో ఆ గొట్టం కాల్చి తుప్పు వదిలిద్దామని కూడా అనుకుంటి." అన్ని పనులకన్నా ముందు నాకు కడ్డీ పట్టడం నేర్పిన మనిషి ఆయన. ఆ మనిషికే మర్యాద అడ్డం వచ్చింది. ఆ అదురు మందు మండినప్పటికంటే పెద్దది నాకు. నా మొగుడి పక్కనున్న ఆ నలుగురూ చెడ్డవాళ్లు కాదని నాకు ఆ సాయంత్రమే అర్థమైంది. మంచివాళ్లే. లేదనుకున్నారు, అంతే.

తుపాకీ బాగుపడింది. కట్టె నల్లగా నిగనిగలాడింది. తీసుకుపోవడానికి వచ్చిన పెద్దాయన తాత వైపు చూడలేదు, నా వైపు చూశాడు. "అమ్మా, నువ్వు చెప్పు. ఖాళీనే గదా?"

కడ్డీ తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయనే దించుకున్నాడు, ఆయనే గీత పెట్టుకున్నాడు, ఆయనే కొలుచుకున్నాడు. తాత పక్కకు తిరిగి కళ్లు తుడుచుకోవడం నాకు కనిపించింది.

తాత పోయి చాలా కాలమైంది. అంగడి మూతపడింది. హిందూపురంలో మా వీధిలో ఇప్పుడు నన్ను టెస్టరవ్వ అంటారు. బొడ్డు సంచిలో వక్కాకుతో పాటు కరెంటు చూసే టెస్టరు పెట్టుకొని తిరుగుతాను. పందిట్లో బల్బు మార్చాలన్నా, తెగిన వైరు తీయాలన్నా, "లేదులే అవ్వా, ఆపేసినాం" అంటారు పిల్లలు. "ఉండండి నాయనా" అని నేను ముందు టెస్టరు పెడతాను. నవ్వుతారు. నవ్వనీ. సాయంత్రానికి అందరూ ఇండ్లకు పోయి అన్నం తింటారు.